మైసిన్ అనే యంత్రం



బెంగళూరులో స్థిరపడిన హిందూపురం, కోలారు ప్రాంతాల తెలుగు తల్లి ఒకరిని ఊహించుకోండి. పిల్లవాడు సైకిలు మీది నుండి పడి మోకాలు చీరుకున్నాడు. ఆమె సెల్‌ఫోనులోని చాట్‌బాట్‌ను, 'ఏ యాంటీబయాటిక్ వేయాలి?' అని అడుగుతుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇది సులువైంది. కానీ మందు చెప్పే యంత్రం కొత్తది కాదు. దాని చరిత్రలో తెలుగువారి పేర్లూ తగులుతాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకులు. అక్కడ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ తీశారు. 1948లో ఆ మందు వెలుగులోకి వచ్చింది. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇటువంటి మందుల పేర్ల చివరి 'మైసిన్' అనే తోకనే 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కంప్యూటరు ప్రోగ్రాముకు పేరుగా పెట్టారు. షార్ట్‌లిఫ్ దాన్ని రూపొందించారు. నిపుణుల జ్ఞానాన్ని సూత్రాలుగా కంప్యూటరుకు నేర్పే ఈ పద్ధతికి ఆద్యులలో ఒకరు ఫైగెన్‌బామ్. 1994లో ఆయనతో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్నవారు శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు.

1979లో వెలువడిన ఒక పరీక్షలో, మెదడుపొరల వాపు వచ్చిన పదిమంది రోగుల విషయంలో మైసిన్ సలహాలనూ, స్టాన్‌ఫర్డ్ వైద్యుల సలహాలనూ ఎవరివో చెప్పకుండా నిపుణుల ముందు పెట్టారు. మైసిన్ ఎవరికీ తీసిపోలేదు. అయినా వార్డులో అది రోగుల చికిత్సకు అక్కరకు రాలేదు. వివరాలన్నీ డాక్టరే కూర్చుని టైపు చేయాలి. పైగా, తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

ఒక తేడా గమనించండి. మైసిన్ మాట్లాడింది డాక్టరుతో. ల్యాబు ఫలితాలు అడిగేది, 'ఎందుకు?' అంటే తన సూత్రం చూపేది. నేటి చాట్‌బాట్ నేరుగా తల్లితో మాట్లాడుతుంది. గాయాన్ని తాకి చూడదు, పొరపాటునూ ధీమాగానే చెప్పగలదు.

పిల్లలకు మోతాదు సాధారణంగా బరువును బట్టి ఉంటుంది. శుభ్రమైన చిన్న గీతకు సబ్బు, ధారగా పోసే నీరు చాలు, యాంటీబయాటిక్ అక్కరలేదు. అనవసరంగా వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా తయారవుతాయి. అందుకే 2014 మార్చి 1 నుండి కొన్ని యాంటీబయాటిక్‌ల అమ్మకాన్ని చీటీ చూసి రిజిస్టరులో రాయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. గాయం లోతైనా, మురికి పట్టినా, కుక్క కరిచినా ఆలస్యం వద్దు. బాగా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ధనుర్వాతం, రేబిస్ టీకాల సంగతి అక్కడ తేలుస్తారు.

ఫోనును డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడానికి వాడుకోండి. మందు మాత్రం బిడ్డను చూసి, బాధ్యత వహించే మనిషి రాయాలి. సెలవు.