గాజుతొట్టిలో సముద్రము

సముద్రమును ఇంటిలోనికి తెచ్చుకొనవలెనను కోరిక ఈనాటిది కాదు. 1846 లో అన్నా థిన్ అను ఆంగ్ల మహిళ టార్కీ తీరమునుండి సజీవములైన పగడపు జీవులను లండనునకు తెచ్చి పెంచినది. ప్రతిదినము తెరచిన కిటికీ యొద్ద సముద్రజలమును ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయించి, దానిలో గాలి కలియునట్లు చేయించెడిది. 1853 లో లండను జంతుప్రదర్శనశాలలో తొలి బహిరంగ మత్స్యశాల వెలసినది.

గాలి చాలినంత యున్నను తొట్టిలోని నీరు చెడుటకు కారణమేమి? చేపల విసర్జనము, తినగా మిగిలిన ఆహారము కుళ్ళి అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. దాని గతి ఏమగునో 1877 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ష్లోజింగ్, ముంట్జ్ తెలిపిరి. వారు మురుగునీటిని ఇసుక, సుద్ద నింపిన గొట్టము గుండ మెల్లగా దింపిరి. కొన్ని దినములకు అమ్మోనియా పోయి నైట్రేటు ఏర్పడినది. క్లోరోఫారము ఆవిరి పంపగానే ఆ మార్పు నిలిచిపోయినది. కనుక అది సజీవుల పనియే యని తేలినది. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ ఈ మార్పునకు రెండు మెట్లు గలవనియు, ఒక్కొక్క మెట్టున వేరొక రకపు బాక్టీరియా పనిచేయుననియు నిరూపించెను. మొదట అమ్మోనియా నైట్రైటుగాను, పిదప నైట్రైటు నైట్రేటుగాను మారును.

ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున తొట్టి అడుగున గులకరాళ్ళు పరచి, వాని గుండ నీటిని ప్రవహింపజేయు వడపోత వ్యాపించినది. రాళ్ళనంటియుండు బాక్టీరియా అమ్మోనియాను హరించుటచే చేపలు బ్రతికినవి. కాని నైట్రేటు నీటిలోనే పేరుకొనుచుండెను. పగడపు దిబ్బల చుట్టునుండు నీటిలో అది సాధారణముగా లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించదు. ఇండ్లలోని తొట్లలో పదుల మిల్లీగ్రాములు చేరును. చేపలు కొంత ఓర్చుకొన్నను, నాచు విజృంభించి పగడములను కప్పివేయును.

నీటిని మార్చుట తొలి ఉపాయము. లీటరునకు 50 మిల్లీగ్రాములున్నప్పుడు అయిదవవంతు నీటిని మార్చినచో 40 మిగులును; మరల మార్చినచో 32. ఈలోగా చేపలు క్రొత్త నైట్రేటును చేర్చుచునే యుండును. కావున నీరు మార్చుట ఒక్కటియే చాలదు.

మార్గము ఏనాడో దొరికియున్నది. 1886 నాటికే గేయాన్, డ్యుపెటి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నైట్రేటును విడగొట్టు బాక్టీరియాను వేరుచేసిరి. ఆమ్లజని కరవైన చోట ఇవి నైట్రేటులోని ఆమ్లజనిని వాడుకొని, నత్రజనిని వాయువుగా విడిచిపెట్టును. నీరు నిలిచిన వరిమడిలో ఎరువులోని నత్రజని కొంత నష్టమగుట ఈ చర్య వలననే. రైతునకు నష్టమైన చర్యయే మత్స్యపోషకునకు లాభమైనది!

నూరేండ్లు అందరును తొట్టిలోనికి గాలిని పంపుటకే పాటుపడిరి. నైట్రేటును పోగొట్టుటకు కావలసినది గాలి సోకని మూల. 1961 లో జకార్తా వాసి లీ చిన్ ఎంగ్ సముద్రమునుండి తెచ్చిన సజీవశిలలతో, గాలిబుడగలతో మాత్రమే తొట్టిని నడుపు పద్ధతిని ప్రకటించెను. రంధ్రములుగల ఆ శిలల వెలుపల ఆమ్లజని యుండును, లోపల ఉండదు. 1980 దశకమున జాన్ జోబేర్ మొనాకోలో, అడుగున ఖాళీ విడిచి దానిపై దళసరిగా ఇసుక పరచి అదే ఫలితమును సాధించెను. అమెరికాలో వాల్టర్ ఏడీ వేరొక దారి పట్టి, జల్లెడపై నాచును పెంచి, అది నైట్రేటును పీల్చుకొన్న పిదప దానిని గీకివేయు విధానమును రూపొందించెను.

ఈ చరిత్ర గృహస్థునకు నేర్పునది స్పష్టము. చేపలు కొద్దిగా నుండవలెను, ఆహారము మితముగా వేయవలెను, నీరు క్రమముగా మార్చవలెను, సజీవశిలలకు తావియ్యవలెను. దళసరి ఇసుకను మాత్రము కదిలించరాదు. అందు విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడు చేరియుండవచ్చును.

సముద్రశాస్త్రము నేర్పినదానిని తొట్టి తిరిగి చెల్లించినది. 2005 లో సియాటిల్ మత్స్యశాలలోని తొట్టి గులకరాళ్ళనుండి, అమ్మోనియాతో జీవించు ఆర్కియా జాతి సూక్ష్మజీవిని శాస్త్రజ్ఞులు తొలిసారి వేరుచేసిరి. అట్టి జీవులు మహాసముద్రములందు విస్తారముగా గలవు. సముద్రపు రహస్యమొకటి గాజుతొట్టి అడుగున దొరికినది.