చెరువు, బిందె, పాట

నేను చదివిన బడి పుస్తకాల్లో పానిపట్టు యుద్ధం మూడుసార్లు జరిగింది. కారంచేడు ఒక్కసారి కూడా జరగలేదు. అది మాకు పాటగా వచ్చింది. ఏప్రిల్ 14న పల్లెలో మైకుసెట్టు పెడితే కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట మోగేది. వేలిముద్ర వేసే మా అమ్మకి పాటంతా నోటికొచ్చు. డిగ్రీలో ఒక మేష్టారు "పాటా డప్పూ ఆధారాలు కావయ్యా" అన్నాడు. రాజు తన గొప్ప తానే చెక్కించుకున్న శాసనం మాత్రం ఆధారమెట్లయిందో!

ఇప్పుడు సర్కారు బడిలో సోషల్ చెబుతున్నా. పాట పాడించి ఊరుకోను. పిల్లల హుషారు దిగకముందే అడుగుతా, గొడవ ఎక్కడ మొదలైందిరా అని. నీళ్ళకాడ. 1985 జులై 16న, మాదిగపల్లె తాగే చెరువులో కమ్మోరి కుర్రోళ్ళు గేదెల కుడితి బకెట్ల మురికి కలుపుతుంటే ఇదేందని అడిగారు. అడిగినందుకు కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త మీదికీ పోతే ఆమె బిందె ఎత్తింది. తెల్లారి పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు, ఆడోళ్ళని చెరిచారు. మిగిలినోళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది.

చెరువు అనగానే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి "అంబేద్కర్ కూడా చెరువు కాడికే పోయాడు గదా సార్" అంది. మహద్, చవదార్ చెరువు, 1927 మార్చి 20. మధ్యలో 58 ఏళ్ళని లెక్క కూడా తనే కట్టింది. ఏ గైడూ చెప్పని పాఠం అది.

పాటలో మనోళ్ళు పులులు. పులులు కోర్టు మెట్లకాడ 23 ఏళ్ళు కూచోవడం పాటలో లేదు. అప్పటికింకా జరగలేదు మరి. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. ఇది చెబితే క్లాసు చప్పబడిపోద్ది. "అంతేనా సార్?" అంటారు. అంతే. గద్దర్ 2023లో పోయాడు, ఆ చరణం ఇంకెవరైనా కట్టాల్సిందే.

పోయిన నెల పిల్లలకో పని పెట్టా. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగింది, ఎవరు పోస్తే తాగింది, అడిగి రాసుకురండి అని. నోటుబుక్కులు వచ్చినయ్. చాలావాటిలో ఒకే చెరువు పేరుంది. మా బడి వెనక చెరువే అది. హెడ్మాస్టరు ఇంకా చూళ్ళేదు.