గాజుతొట్టిలో సముద్రము

చిత్రావతి ఒడ్డున నున్న పుట్టపర్తికి సముద్రము చాలా దూరము. అక్కడి విద్యార్థులకు సముద్రపు నాచును, చేపను సజీవముగా చూపుట సాధ్యమా? సాధ్యమేనని పందొమ్మిదవ శతాబ్దములోనే ఇంగ్లండులో రుజువైనది.

1849లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గాజుతొట్టిలో రెండు బంగారు చేపలను, నీటిమొక్కను ఉంచెను. చేపలు విడిచిన బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహించి, వెలుతురులో ప్రాణవాయువు నిచ్చును. కుళ్లిన ఆకులు నీటిని చెడగొట్టగా, వాటిని తినుటకు నత్తలను చేర్చెను, నీరు తేటపడెను. పిమ్మట ఆయన ఉప్పునీటిలో ప్రయత్నించెను. ఎరుపు, గోధుమరంగు నాచులకంటె ఉల్వా వంటి పచ్చనాచే మేలని తేలినది.

మరి సముద్రజలము లేనిచోట? 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ మంచినీటిలో వంటఉప్పు, భేదిఉప్పు, మెగ్నీషియమ్ క్లోరైడు, పొటాసియమ్ క్లోరైడు కలిపి కృత్రిమ సముద్రజలమును తయారుచేసెను. అందులో ముందుగా పచ్చనాచును పెంచి, తరువాతనే జంతువులను వదలెను. నేడు కాల్షియము మొదలగు లవణములు కూడ చేర్చిన మిశ్రమములు దొరుకుచున్నవి.

గాస్ గ్రంథములు చదివి ఉత్సాహపడినవారు ఇంగ్లండు తీరమునందలి రాతిగుంటలను దోచివేసిరి. ఆ నష్టమును ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో విచారముతో వ్రాసెను.

విశాఖపట్నపు రాతిగుంటలలోను పచ్చనాచులు, చిన్న చేపలు కలవు. పుట్టపర్తి తొట్టికి నీటిని అక్కడనే కలుపుకొనవచ్చును. చిన్న నాచుముక్కనే పెంచుకొనవచ్చును. ఒకటి రెండు చేపలు చాలును. తొట్టిలోని సమతౌల్యము కొరకు తీరములోని సమతౌల్యమును చెరుపరాదు.