మన సీమలో పిల్లల వేషములు: ముఖమునకు వేయు రంగుల చరిత్ర

శతాబ్ది సంచికలలో దేవాలయములు కట్టిన సంవత్సరములు, సేవ చేసిన అయ్యగార్ల పేర్లు, బడులు, ఆసుపత్రులు తప్పక చోటు చేసుకుంటాయి. అవి ఉండవలసినవే. అయితే ప్రతి డిశంబరు నెలలో క్రిస్మస్ నాటకానికి గంట ముందు చాప మీద వరుసగా కూర్చోబెట్టి పిల్లల ముఖాలకు రంగులు పూసేవారి పనిని గురించి ఎవరూ వ్రాసినట్లు లేదు. సండే స్కూలు పిల్లల నాటకాలతో సంబంధం ఉన్నవారము గనుక ఆ నాలుగు మాటలు మేమే వ్రాయ సాహసించుచున్నాము. ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. కాని పిల్లల చర్మానికీ మనసుకూ తగిలే సంగతి గనుక చదువరులు ఓపికతో చదువవలెనని మా మనవి.

మన ఇండ్లలో మనిషి ముఖానికి పెట్టే మొదటి రంగు దిష్టి చుక్క. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసిని చమురుతో రంగరించి పసిబిడ్డ బుగ్గ మీదనో, నుదుటి మూలనో పెడతారు. అది అందం కోసం కాదు, చూచేవారి కన్ను మళ్ళించుటకు. దిష్టిని మనం నమ్మకపోయినా ఒకటి గమనించవచ్చును: చిటికెన వ్రేలంత మసితో ముఖానికి ఒక అర్థం వస్తుంది. వేషం వేసేవారు మొట్టమొదట నేర్చుకోవలసినది ఇదే. పిల్లల ముఖం చిన్నది. దాని మీద ఎక్కువ గీతలు పెడితే ఏ గీతా కనబడదు.

ముఖపు రంగులలో మన ప్రాంతానికి పెద్దబడి తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర. అది మన ఆరాధనకు చెందినది కాదు. అయినా వేషాల చరిత్ర వ్రాయబూని దానిని దాటిపోవడం, స్వర్ణముఖి పేరెత్తకుండా తిరుపతి భూగోళం చెప్పినట్లుంటుంది. సాధారణంగా మే నెలలో, వారం రోజుల పైన జరిగే ఆ జాతరలో దినమునకొక వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లని నామం సుద్ద. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొర వేషానికి చందనం. ఆ తరువాత మాతంగి, సున్నపు కుండలు. పెద్దలతో పాటు చంకనెక్కిన పసివాళ్ళకు కూడ ఈ రంగులు పూస్తారు. (కొన్ని వేషాలలో తిట్టే తిట్లను గురించి ఈ సంచికలో వ్రాయుట తగదు.) కథ యేమనగా, స్త్రీలను చెరబట్టిన ఒక పాలెగాడు గంగమ్మకు భయపడి దాగికొన్నాడట, వానిని బయటికి రప్పించుటకు ఆమె రోజుకొక వేషం వేసినదట, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు మోసపోయి ఎదురువచ్చి చచ్చినాడట. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక గ్రంథమే ప్రచురించారు. అంతకు చాల ముందే, 1916లో, మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ దేశపు గ్రామదేవతలను గురించి పుస్తకం వ్రాశారు గాని, వారి దృష్టి ఎక్కువగా బలుల మీద నిలిచింది.

మా దృష్టి తోటి వేషం మీద ఉన్నది. తోటి అంటే ఎవరో మన సంఘాలలో పెద్దలకు చెప్పనక్కరలేదు. ఊరికి వెట్టి చేసి, కబురు మోసి, చచ్చిన పశువును ఈడ్చినవారు. మన తాతముత్తాతలలో అనేకులు ఆ పనిలో పుట్టి ఆ పనిలో పోయినవారే. ఆ వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం అని ఎవరు నిర్ణయించినా, రంగులలో కులపు మెట్లు కనబడుతూనే ఉన్నవి; దానిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని ఇంకొక సంగతి కూడ ఉన్నది. జాతరలో నిన్న తోటి, నేడు దొర. అదే పిల్లవాడు, అదే ముఖం. ఈ రోజు పూసిన బొగ్గు రేపటికి కడుగుకొని పోతుంది. దాని చోట గంధం వస్తుంది. రంగు వేషానిదే గాని పిల్లవానిది కాదని జాతరలో ఎవరూ ఉపన్యాసం చెప్పరు, అయినా అందరికీ తెలుసును. ఈ తెలివి మన క్రిస్మస్ నాటకాలలో కొన్ని చోట్ల తప్పిపోయినదని మేము ముందుకు చెప్పబోతున్నాము.

జాతర తరువాత చెప్పవలసినది భారతం. చిత్తూరు జిల్లా 1911లో ఉత్తర ఆర్కాడు, కడప జిల్లాల తాలూకాలు కలిపి ఏర్పడినది; 2022లో తిరుపతి వేరు జిల్లా అయినది. సరిహద్దు గీతలు ఎన్ని మారినా ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండకాలంలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం అనే పద్ధతి అరవ సీమకూ మన సీమకూ ఉమ్మడి. అర్జునుడు తపసు మాను ఎక్కుట, నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుని తొడ విరుగుట మన గ్రామాలలో చూడనివారు అరుదు. అరవవారి తెరుక్కూత్తులో దుర్యోధనునికి ఎరుపు, కృష్ణునికి పచ్చ. కాగడా వెలుతురులో ముఖకవళికలు కనబడవు గనుక, వచ్చినవాడు ఎవడో రంగే చెప్పవలెను. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కూడ గుడ్డ మీద ఇదే చేశారు: దేవతలకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు, పచ్చ. ఈ లెక్కలో ఎక్కడా తెలుపు మంచికీ నలుపు చెడుకూ గుర్తు కాదు. ఇది చదువరులు మనసులో ఉంచుకోవలెను.

ఇక రంగు దినుసుల సంగతి. పాతకాలపు యక్షగానం, కూచిపూడి వేషగాండ్రు ముఖానికి అర్దళం నూరి పూసేవారు. బంగారు ఛాయ గల పసుపు రంగు. దీపం ముందు మెరిసిపోతుంది. కేరళ కథకళివారు దీనినే మనయోల అంటారు. ఇది గనిలో దొరికే రాయి. పాషాణమూ గంధకమూ కలిసినది. ఎరుపుకు వాడిన ఇంగిలీకంలో పాదరసం ఉన్నది. సింధూరంలో సీసం. పాతకాలపు సఫేదాలోనూ సీసమే. పేరుపడిన నటులు ఏండ్ల తరబడి వీటిని ముఖానికి పూసుకొన్నారు. పెద్దలు తెలిసో తెలియకో తమ ఒంటి మీద చేసుకొన్న పని అది. పిల్లల విషయం వేరు. లోపలికి పోయిన సీసాన్ని పెద్దవారి కంటె పిల్లల శరీరం 4 నుండి 5 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పిల్లలు పెదవులు నాకుతారు, కండ్లు నులుముకుంటారు, రంగు చేతులతోనే బిస్కత్తు తింటారు.

దీనితో పోల్చి చూస్తే జాతర దినుసులు ఎంత మేలైనవో తెలుస్తుంది. సుద్ద, బొగ్గు, గంధం, పసుపు: అన్నీ నీళ్ళతో పోయేవే. కుంకుమ విషయంలో మాత్రం జాగ్రత్త కావలెను. పసుపుకు సున్నం చేర్చి ఇంట్లో చేసిన కుంకుమ వేరు, అంగడిలో పొట్లం కట్టి అమ్మే కుంకుమ వేరు. అంగడి దానిలో కృత్రిమపు రంగులు కలియుట మామూలు. కొందరి చర్మం దానికి పొక్కిపోతుంది.

పాశ్చాత్య దేశాలలోనూ కథ ఇదే. లుడ్విగ్ లైక్నర్ అనే జర్మను గాయకుడు 1873లో సీసం లేని కొవ్వు రంగులను కడ్డీలుగా చేసి అమ్మనారంభించినాడు. వాటిలో 5వ నంబరు, 9వ నంబరు కలిపి పూయుట ఆంగ్ల నాటకశాలలలో తరతరాల వాడుక అయినది. దానితో బాధ తీరినదని అనుకొనుటకు లేదు. 2009లో అమెరికాలో ఒక సంస్థ పిల్లలకని అమ్మే 10 రకాల ముఖపు రంగులను పరీక్ష చేయించగా పదింటిలోనూ ఎంతో కొంత సీసం బయటపడినది. డబ్బా మీద పిల్లల బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మరాదు.

మన ప్రాంతంలో జీతం తీసుకోని నాటక సమాజాలకు మంచి చరిత్ర ఉన్నది. చిత్తూరు రామ విలాస సభను ఎరుగనివారు కూడ చిత్తూరు నాగయ్యగారిని ఎరుగుదురు. సినిమాలకు పోకముందు ఆయన ఆ సభ నాటకాలలో పేరు తెచ్చుకొన్నవారే, సారంగధరలో చిత్రాంగి వేషం కట్టినవారే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు మొదలుపెట్టిన సురభివారు అంతకుముందు తోలుబొమ్మలాటవారు. బొమ్మకు రంగు వేసిన చేతులే మనిషికి రంగు వేసినవి. ఆ కుటుంబాల పిల్లలు నడక నేర్చిన నాటి నుండి బాలకృష్ణుడుగా, లోహితాస్యుడుగా రంగస్థలం ఎక్కారు. వీరిది జీవనోపాధి గనుక మన లెక్కకు పూర్తిగా రారు గాని, పిల్లల వేషం అనగానే మొదట గుర్తు వచ్చేది వారే. బళ్ళారి రాఘవగారు సహజమైన నటనకు ప్రాణం పెట్టారు. అటువంటి నటనలో ముఖం మీద రంగు కంటె ముఖం కనబడుట ముఖ్యం.

ఇప్పుడు మన సంగతి. గబ్రియేలు దూతకు ఎవరిని ఎంచుతారు? చాల చోట్ల ఎర్రగా ఉన్న పిల్లను. ఆ పిల్ల దొరకకపోతే దొరికిన పిల్ల ముఖానికి పౌడరు మీద పౌడరు కొడతారు. మెడ దగ్గర గీత గీసినట్లు తెలుపు ఆగిపోతుంది. చేతులు మామూలు రంగులో ఉంటాయి. హేరోదు భటులకూ సాతానుకూ మసి. నల్లని పిల్లవానిని చూచి నీకు రంగు అక్కరలేదురా అని నవ్వేవారూ ఉన్నారు. నవ్వినవారు మరచిపోతారు, ఆ పిల్లవాడు మరవడు. పునరుత్థానపు ఉదయాన సమాధి దగ్గరి దూతను గురించి వ్రాసిన మత్తయి వస్త్రం తెల్లదని చెప్పినాడు. చర్మం తెల్లదని వ్రాయలేదు. ఆ తెలుపు మనం కుట్టే అంగీలో ఉంటే చాలును.

జ్ఞానుల విషయమూ ఇంతే. వారు ముగ్గురని గాని, ఒకడు నల్లవాడని గాని సువార్తలో లేదు. కానుకలు మూడు గనుక మనుషులూ ముగ్గురనుకొన్నారు. వారిలో ఒకనిని ఆఫ్రికావానిగా చిత్రించుట ఐరోపా చిత్రకారులలో 15వ శతాబ్దం నాటికి అలవాటుగా స్థిరపడినది. ఆ చిత్రాలను చూచి మనం ఒక బాలునికి కాల్చిన కార్కు బిరడాతో ముఖమంతా నల్లగా రుద్దుతాము. 19వ శతాబ్దంలో అమెరికాలో తెల్ల నటులు నీగ్రో బానిసలను ఎగతాళి చేయుటకు వాడిన పద్ధతి సరిగ్గా ఈ కార్కు మసియే. మన పిల్లలకు అది తెలియదు నిజమే. తెలిసిన పెద్దలు మానుకోవలెను. తూర్పు దేశపు జ్ఞానులు మన పిల్లల ఛాయలోనే ఉన్నారనుకొంటే ఎవరికి నష్టం? తలపాగా, శాలువా, కాళహస్తి అద్దకపు గుడ్డ ఒకటి చాలును.

అయితే రంగే వద్దా అని అడిగితే, వద్దనము. పిల్లలకు రంగు పూసుకొనుట ఒక పండుగ. మేము చేసే పద్ధతి ఇది. ముందుగా పలక మీద గుండ్రంగా ముఖం గీసి, పిల్లలనే పిలిచి ఈ పాత్రకు ఏ గుర్తు పెడదామని అడుగుతాము. ఒక్కొక్క పాత్రకు రెండు గుర్తులకు మించనివ్వము. హేరోదుకు కలంకారీ రాక్షసునివలె మందమైన కనుబొమ్మలు, కండ్ల కొసల ఎర్రని గీత. దూతలకు పెండ్లికూతురికి పెట్టినట్లు కనుబొమ్మల మీద గంధపు చుక్కల వరుస. అది నల్లని ముఖం మీదనే మరింత చక్కగా కనబడుతుంది. ముసలి సుమెయోనుకు నుదుట ముడుతలు గీస్తే పిల్లి మీసాలవలె ఉంటాయి గనుక గీయము. దూది గడ్డం, చేతికర్ర, వంగిన నడుము ఆ పని చేస్తాయి. గడ్డాన్ని బంకతో అంటించరాదు, చెవులకు దారం కట్టవలెను. గొల్లలకు ఏమీ అక్కరలేదు, వారు గొల్లలవలెనే ఉన్నారు.

తయారు రంగు వాడక తప్పనప్పుడు ముందురోజే మోచేతి మడతలో కొంచెం పూసి, మరునాడు చూచి, దురద గాని ఎరుపు గాని లేకుంటేనే ముఖానికి పూస్తాము. గోడలకు వేసే రంగు, వెండి రంగు, సింధూరం, హోలీ పొడి ఎట్టి పరిస్థితిలోనూ గదిలోకి రానివ్వము. కంటి రెప్పల మీద, పెదవుల మీద ఏదీ పెట్టము. అంగట్లో అమ్మే సుర్మాలో సీసం ఉండవచ్చును గనుక ఇంటి కాటుకే వాడుతాము. కాగడాల కాలం పోయి ట్యూబులైటు, ఫ్లడ్‌లైటు వచ్చినవి గనుక ఇప్పుడు ఇంతకంటె ఎక్కువ రంగుతో పనిలేదు. వెనుక వరుసలో కూర్చొన్న అవ్వకు కూడ తన మనుమడు ఎవడో తెలుస్తూనే ఉంటుంది.

నాటకం అయిన తరువాత ముందుగా కొబ్బరినూనె రాసి దూదితో తుడిచి, తరువాత శనగపిండితో కడుగుతాము. రుద్దరాదు. తొందరపడి సబ్బుతో రుద్దుటవలన పొక్కినవారే ఎక్కువ. అందరి ముఖాలూ శుభ్రమవుతాయి. గొర్రెపిల్లల వేషం వేసిన చిన్నవాళ్ళు మాత్రం ముక్కు కొన మీద పెట్టిన కాటుక చుక్కను తుడువనివ్వరు. మరునాటి ఆరాధనకు దానితోనే వచ్చి ముందు వరుసలో కూర్చుంటారు.