అనులేఖనం (జన్యుశాస్త్రం)

అనులేఖనం అనగా జీవకణం తన డి.ఎన్.ఏ.లోని ఒక జన్యువు సమాచారాన్ని ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు తీసుకొనే ప్రక్రియ. ఆంగ్లంలో దీనిని ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. జన్యువు పనిచేయడంలో ఇది మొదటి మెట్టు. ఇలా తయారైన ఆర్.ఎన్.ఏ.ను ఆధారంగా చేసుకొని రైబోజోములు ప్రొటీనులను నిర్మించడం రెండవ మెట్టు. దానిని అనువాదం అంటారు. బాక్టీరియా వంటి కేంద్రకపూర్వ జీవులలోను, మొక్కలు, జంతువులు, శిలీంధ్రాల వంటి నిజకేంద్రక జీవులలోను అనులేఖనం జరుగుతుంది. మూలసూత్రం ఒక్కటే అయినా ఈ రెండు వర్గాలలో అది జరిగే తీరులో ముఖ్యమైన తేడాలు కలవు. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఔషధ వ్యర్థాలపైన, పంటల జన్యువులపైన జరిగిన పరిశోధనలు ఈ రెండు విధానాలకు మంచి ఉదాహరణలు.

చరిత్ర

అనులేఖనం జరిపే ఎంజైము పేరు ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్. దీనిని 1959-60 ప్రాంతంలో శామ్యూల్ వైస్, జెరార్డ్ హర్విట్జ్, ఆడ్రీ స్టీవెన్స్ తదితరులు వేర్వేరుగా కనుగొన్నారు. 1961లో వార్తాహర ఆర్.ఎన్.ఏ. ఉనికి ప్రయోగపూర్వకంగా నిరూపించబడింది. అదే సంవత్సరం ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో బాక్టీరియాలో జన్యువుల నియంత్రణను వివరించే ఒపెరాన్ సిద్ధాంతాన్ని ప్రకటించారు. వీరికి ఆంద్రే ల్వాఫ్‌తో కలిపి 1965లో నోబెల్ బహుమతి లభించింది. 1969లో బాక్టీరియాలోని సిగ్మా, రో కారకాలు, నిజకేంద్రక జీవులలోని మూడు రకాల పాలిమరేజ్‌లు వెలుగులోకి వచ్చాయి. 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు జన్యువులు ముక్కలుగా ఉంటాయని కనుగొన్నాయి. ఇందుకు వారిద్దరికి 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. నిజకేంద్రక అనులేఖనం యొక్క అణునిర్మాణాన్ని వివరించినందుకు రోజర్ కోర్న్‌బర్గ్ 2006లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందాడు.

సాధారణ సూత్రాలు

డి.ఎన్.ఏ.లో రెండు పోగులు ఉంటాయి. అనులేఖనంలో వాటిలో ఒకటి మాత్రమే మూసగా పనిచేస్తుంది. పాలిమరేజ్ మూసపోగును 3′ కొన నుండి 5′ కొన వైపు చదువుతూ ఆర్.ఎన్.ఏ.ను 5′ నుండి 3′ దిశలో పేర్చుతుంది. మూసలో గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్‌ను, సైటోసిన్ ఉన్నచోట గ్వానిన్‌ను, థైమిన్ ఉన్నచోట అడినిన్‌ను, అడినిన్ ఉన్నచోట యురాసిల్‌ను చేర్చుతుంది. డి.ఎన్.ఏ. ప్రతికృతిలో వలె ఇక్కడ ప్రారంభ తునక అవసరం లేదు. ఈ ప్రక్రియను ప్రారంభం, పొడిగింపు, ముగింపు అని మూడు దశలుగా విభజిస్తారు. జన్యువుకు ముందు ఉండి, అనులేఖనం ఎక్కడ మొదలు కావాలో సూచించే డి.ఎన్.ఏ. భాగాన్ని ప్రమోటర్ అంటారు.

కేంద్రకపూర్వ జీవులలో అనులేఖనం

బాక్టీరియాలో అన్ని రకాల ఆర్.ఎన్.ఏ.లను ఒకే పాలిమరేజ్ తయారుచేస్తుంది. ఇందులో రెండు ఆల్ఫా, ఒక బీటా, ఒక బీటా ప్రైమ్, ఒక ఒమేగా ఉపభాగాలు ఉంటాయి.

ప్రారంభం: పాలిమరేజ్ తనంతట తాను ప్రమోటర్‌ను గుర్తించలేదు. సిగ్మా కారకం అనే ప్రొటీను దానికి దారి చూపుతుంది. అనులేఖనం మొదలయ్యే బిందువుకు సుమారు 10, 35 క్షారాల ముందు ఉండే రెండు గుర్తులను సిగ్మా పోల్చుకొంటుంది. అప్పుడు డి.ఎన్.ఏ. పోగులు కొద్దిమేర విడిపోయి బుడగ వంటి ఆకారం ఏర్పడుతుంది.

పొడిగింపు: ఆర్.ఎన్.ఏ. కొంత పొడవు పెరిగిన తరువాత సిగ్మా పట్టు సడలుతుంది. ఎషెరిషియా కోలైలో పాలిమరేజ్ సెకనుకు సుమారు 40 నుండి 80 క్షారాలను చేర్చుతుంది. అది ముందుకు సాగుతున్నకొద్దీ ఎదుట ఉన్న డి.ఎన్.ఏ. పురి బిగుస్తుంది. డి.ఎన్.ఏ. గైరేజ్ అనే ఎంజైము ఆ పురిని సడలించకపోతే అనులేఖనం మందగిస్తుంది.

ముగింపు: ఇది రెండు విధాలుగా జరుగుతుంది. మొదటి విధానంలో కొత్త ఆర్.ఎన్.ఏ. తనమీద తానే మడతపడి జడపిన్ను ఆకారం పొందుతుంది. దాని వెంట వచ్చే యురాసిల్ వరుస వద్ద బంధం బలహీనమై నకలు విడిపోతుంది. రెండవ విధానంలో ఆరు ఉపభాగాలు గల రో ప్రొటీను ఆర్.ఎన్.ఏ. వెంట కదిలి పాలిమరేజ్‌ను ఆపివేస్తుంది. రో లోపిస్తే ఆర్.ఎన్.ఏ. మూస డి.ఎన్.ఏ.కు అతుక్కుపోయి ఆర్-లూపులు ఏర్పడతాయనే భావనను 2003లో హైదరాబాదు శాస్త్రవేత్తలు ఆర్. హరినారాయణన్, జె. గౌరీశంకర్ ప్రతిపాదించారు. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో రంజన్ సేన్ బృందం కూడా రో పనితీరుపై పరిశోధనలు జరిపింది.

బాక్టీరియాకు కేంద్రకం లేనందున ఆర్.ఎన్.ఏ. ఒక కొన తయారవుతుండగానే రెండవ కొన మీద రైబోజోములు అనువాదం మొదలుపెడతాయి. అందువలన పరిసరాలలో వచ్చే మార్పుకు బాక్టీరియా కొద్ది నిమిషాలలోనే స్పందించగలదు.

నిజకేంద్రక జీవులలో అనులేఖనం

ఈ జీవులలో డి.ఎన్.ఏ. హిస్టోన్ ప్రొటీనులకు చుట్టుకొని కేంద్రకంలో ఉంటుంది. ఆ చుట్ట సడలితే తప్ప పాలిమరేజ్‌కు ప్రవేశం దొరకదు. పనిని మూడు పాలిమరేజ్‌లు పంచుకొంటాయి:

* పాలిమరేజ్ 1 - రైబోజోముల ఆర్.ఎన్.ఏ.లలో అధికభాగం
* పాలిమరేజ్ 2 - ప్రొటీనులకు సంబంధించిన వార్తాహర ఆర్.ఎన్.ఏ.లు
* పాలిమరేజ్ 3 - రవాణా ఆర్.ఎన్.ఏ.లు, 5ఎస్ రైబోజోము ఆర్.ఎన్.ఏ.

మొక్కలలో వీటికి అదనంగా 4, 5 అనే పాలిమరేజ్‌లు కూడా కలవు. ఇవి జన్యువులను అణచి ఉంచే పనిలో పాల్గొంటాయి.

పాలిమరేజ్ 2కు సిగ్మా వంటి ఒకే మార్గదర్శి ఉండదు. సాధారణ అనులేఖన కారకాలు అనే ప్రొటీనులు ప్రమోటర్ వద్ద వరుసగా చేరి దానికి స్థానం ఏర్పరుస్తాయి. కొన్ని ప్రమోటర్లలో టాటా బాక్స్ అనే గుర్తు ఉంటుంది. జన్యువుకు ఎంతో దూరంలో ఉన్న ఎన్‌హాన్సర్ భాగాలు కూడా డి.ఎన్.ఏ. వంపు తిరగడం వలన దగ్గరకు వచ్చి అనులేఖనాన్ని పెంచగలవు.

తొలి నకలు అలాగే పనికిరాదు. దాని 5′ కొనకు ఒక రసాయన టోపీ, 3′ కొనకు అడినిన్‌ల తోక చేరతాయి. మధ్యలోని ఇంట్రాన్‌లు తొలగి ఎక్సాన్‌లు అతుక్కుంటాయి. ఆ తరువాతే అది కేంద్రకం దాటి రైబోజోములను చేరుతుంది. కొన్ని జన్యువులకు ఈ పని చాలా కాలం పడుతుంది. సుమారు 22 లక్షల క్షారజంటలున్న మానవ డిస్ట్రోఫిన్ జన్యువు ఒక్కసారి నకలు కావడానికి దాదాపు 16 గంటలు కావాలి.

ముఖ్యమైన తేడాలు

* స్థలం: బాక్టీరియాలో కణద్రవ్యం, నిజకేంద్రక జీవులలో ప్రధానంగా కేంద్రకం.
* ఎంజైములు: బాక్టీరియాలో ఒకే పాలిమరేజ్, నిజకేంద్రక జీవుల కేంద్రకంలో మూడు, మొక్కలలో ఐదు.
* ప్రారంభ సహాయకులు: ఒకచోట సిగ్మా, మరొకచోట అనేక అనులేఖన కారకాలు.
* నకలు: బాక్టీరియాలో ఒకే ఆర్.ఎన్.ఏ. మీద పలు జన్యువులు ఉండవచ్చు. నిజకేంద్రక జీవులలో సాధారణంగా ఒకటే.
* అనువాదం: బాక్టీరియాలో అనులేఖనంతో పాటే, నిజకేంద్రక జీవులలో నకలు పరిపక్వమైన తరువాత.

మైటోకాండ్రియా, హరితరేణువులు తమ సొంత డి.ఎన్.ఏ.ను వేరే పాలిమరేజ్‌లతో అనులేఖనం చేసుకొంటాయి. హరితరేణువులలో ఒకటి బాక్టీరియా పాలిమరేజ్‌ను పోలి ఉంటుంది.

మందులు, విషాలు

పై తేడాల వలననే కొన్ని మందులు రోగికి పెద్దగా హాని చేయకుండా బాక్టీరియాను చంపగలుగుతున్నాయి. క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్ బాక్టీరియా పాలిమరేజ్ బీటా ఉపభాగాన్ని అంటుకొని, ఆర్.ఎన్.ఏ. రెండు మూడు క్షారాలు దాటి పెరగకుండా అడ్డుకొంటుంది. మానవ పాలిమరేజ్‌లను అది పట్టుకోదు. ఆ ఉపభాగపు జన్యువులో సుమారు 81 క్షారజంటల పొడవున్న ఒక చిన్న భాగంలో మార్పు వస్తే క్షయ బాక్టీరియా ఆ మందుకు లొంగదు. మొండి క్షయను త్వరగా గుర్తించే జన్యుపరీక్షలు వెదికేది ఈ భాగాన్నే. దీనికి భిన్నంగా, డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులోని ఆల్ఫా అమానిటిన్ నిజకేంద్రక పాలిమరేజ్ 2ను ఆపివేస్తుంది. దానిని తిన్నవారి కాలేయం దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది.

పటాన్‌చెరు ప్రాంతంలో

వ్యర్థజలాలు, బాక్టీరియా

పటాన్‌చెరు పరిసరాలలో అనేక ముడి ఔషధ పరిశ్రమలు నెలకొన్నాయి. ఈ ప్రాంతపు ఇసుకవాగు నీరు నక్కవాగులోకి, నక్కవాగు నీరు మంజీరా నదిలోకి చేరుతుంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 ఔషధ తయారీదారుల వ్యర్థజలాలు వచ్చే ఇక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి బయటకు వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు అందులో తెలిపారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో సాధారణంగా ఉండే మోతాదు కంటె ఇది ఎక్కువ.

సిప్రోఫ్లోక్సాసిన్ పైన చెప్పిన గైరేజ్‌ను డి.ఎన్.ఏ. మీద బంధించి, డి.ఎన్.ఏ. తెగిపోవడానికి కారణమవుతుంది. అప్పుడు బాక్టీరియాలో ఎస్.ఓ.ఎస్. అనే అత్యవసర స్పందన మొదలవుతుంది. మామూలుగా లెక్స్-ఎ అనే ప్రొటీను కొన్ని ప్రమోటర్లను మూసి ఉంచుతుంది. డి.ఎన్.ఏ. దెబ్బతిన్నప్పుడు లెక్స్-ఎ ముక్కలై ఆ జన్యువుల అనులేఖనం ఆరంభమవుతుంది. డి.ఎన్.ఏ.ను బాగుచేసే జన్యువులతో పాటు, మందుకు లొంగకుండా చేసే క్యు.ఎన్.ఆర్. కుటుంబపు కొన్ని జన్యువులు కూడా ఈ నియంత్రణలోనే ఉన్నాయి.

ఇంటెగ్రాన్‌లు కూడా ఇటువంటివే. ఇవి బయటి నుండి వచ్చిన నిరోధక జన్యువులను వరుసగా చేర్చుకొనే డి.ఎన్.ఏ. భాగాలు. ఆ జన్యువులలో అత్యధికభాగానికి సొంత ప్రమోటర్ ఉండదు. ఇంటెగ్రాన్ మొదట ఉన్న ఒకే ప్రమోటర్ వాటన్నిటినీ అనులేఖనం చేయిస్తుంది. ప్రమోటర్‌కు దగ్గరగా ఉన్న జన్యువు ఎక్కువగా పనిచేస్తుంది. జన్యువులను చేర్చే, స్థానం మార్చే ఇంటెగ్రేజ్ ఎంజైము జన్యువును కూడా అనేక ఇంటెగ్రాన్‌లలో లెక్స్-ఎ అదుపు చేస్తుంది. అనగా మందు తగలడమే ఈ చేర్పుమార్పులను ప్రేరేపించగలదు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ ప్రాంతపు శుద్ధికేంద్రం నుండి సేకరించిన బాక్టీరియా రకాలలో 86 శాతం 20 లేదా అంతకంటె ఎక్కువ యాంటీబయాటిక్‌లకు లొంగలేదు; అత్యధికభాగంలో ఇంటెగ్రాన్‌లు కనిపించాయి. 2014లో ప్రచురితమైన మరొక అధ్యయనం ప్రకారం కాజిపల్లి చెరువులో నిరోధక జన్యువులు పోలికకు తీసుకొన్న ఒక స్వీడిష్ సరస్సులో కంటె సుమారు 7000 రెట్లు ఎక్కువ. ఇటువంటి జన్యువులు ఒక బాక్టీరియా నుండి మరొకదానికి మారగలవు. రోగకారక బాక్టీరియాకు చేరితే సాధారణ వ్యాధులకు సైతం మందులు పనిచేయకుండా పోతాయి.

వేరుశనగ, కంది

1972లో పటాన్‌చెరు వద్ద స్థాపించబడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ (ఇక్రిశాట్) నిజకేంద్రక జీవుల జన్యువులపై పరిశోధన చేస్తున్నది. వేరుశనగ కాయలపై పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇది కాలేయ కాన్సరుకు కారణం. ఈ విషం తయారీకి కావలసిన జన్యువులు బూజు డి.ఎన్.ఏ.లో ఒకేచోట గుంపుగా ఉంటాయి. అఫ్ల్-ఆర్ అనే అనులేఖన కారకం వాటి ప్రమోటర్లను అంటుకొని వాటిని పనిచేయిస్తుంది.

ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తమ సహచరులతో కలిసి ఈ జన్యువులలో రెండింటికి సరిపోయే ఆర్.ఎన్.ఏ.ను వేరుశనగ మొక్కే తయారుచేసేలా మార్చి, ఫలితాలను 2017-18లో ప్రచురించారు. ఆ ఆర్.ఎన్.ఏ. జడపిన్నులా మడతపడి చిన్న తునకలవుతుంది. అవి బూజులోని సంబంధిత వార్తాహర ఆర్.ఎన్.ఏ.ను నాశనం చేస్తాయి. బూజు జన్యువు అనులేఖనం చెందినా నకలు అనువాదం దాకా చేరదు. ఇదే పరిశోధనలో బూజును ఎదిరించే డిఫెన్సిన్ ప్రొటీనులను వేరే మొక్కలలో పెంచి చూశారు. ఈ మార్పులు చేసిన గింజలలో అఫ్లాటాక్సిన్ చాలా తగ్గింది. ఇది పరిశోధన ఫలితమే గాని సాగుకు విడుదలైన వంగడం కాదు.

ఇక్రిశాట్ ఆధ్వర్యంలో ఆశ అనే కంది రకపు జన్యుపటం 2011లో వెలువడింది. అందులో 48,680 జన్యువులను అంచనా వేశారు. 2017లో ఇదే రకానికి చెందిన 30 కణజాల, ఎదుగుదల దశలలో ఏయే జన్యువులు ఎంతమేర అనులేఖనం చెందుతున్నాయో తెలిపే పట్టికను ప్రచురించారు. మొక్కలోని వేరుకు, ఆకుకు, పువ్వుకు, గింజకు ఉన్న డి.ఎన్.ఏ. ఒక్కటే. ఏ భాగంలో ఏ జన్యువు అనులేఖనం చెందుతుందన్న దానిని బట్టే అవి వేర్వేరుగా రూపొందుతాయి.

ఇవి కూడా చూడండి

* డి.ఎన్.ఏ.
* ఆర్.ఎన్.ఏ.
* రైబోజోము
* బాక్టీరియా
* క్షయ
* వేరుశనగ
* పటాన్‌చెరు