బనాబా: మట్టి పోయిన దీవి

గని తవ్వేవాళ్లు ‘పని అయ్యాక చెట్లు నాటి ఇస్తాం’ అంటారు. ఆ మాట విలువ ఎంతో తెలియాలంటే బనాబా చరిత్ర చదవాలని మేము అనుకుంటాం.

పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉంది ఈ దీవి. వైశాల్యం సుమారు 6 చదరపు కిలోమీటర్లు. అక్కడ ఏరు లేదు, వాగు లేదు. వాన పడితేనే నీళ్లు. 1870ల కరువులో చాలామంది చనిపోయారు, కొందరు ఓడలెక్కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు దీవిని వదల్లేదు. నేల అడుగున వాన నీరు ఊరే గుహలను ‘బంగబంగ’ అనేవారు. వాటిలోకి ఆడవాళ్లే దిగి, కొబ్బరి చిప్పలతో నీళ్లు తెచ్చేవారు. కొబ్బరి, మొగలి, బాదం చెట్లే వాళ్ల పొలాలు. భూమి కొడుకులకూ కూతుళ్లకూ వచ్చేది. నాగలి చాలు లేకపోయినా, హక్కుదారు లేని నేల లేదు.

ఆ మట్టిలో ఫాస్ఫేట్ ఉందని తెలిసి 1900లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే కంపెనీ ఉద్యోగి వచ్చాడు. ఏడాదికి 50 పౌండ్లకు, 999 ఏళ్లపాటు తవ్వుకునే హక్కు రాయించుకున్నాడు. దీవి మొత్తాన్ని రాసిచ్చే అధికారం ఆ జనం ఆచారంలో ఏ ఒక్క పెద్దకూ లేదు. మరుసటి ఏడాది బ్రిటన్ దీవిని తనలో కలుపుకుంది. 1920 నుంచి బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు కలిసి తవ్వించాయి. ఆ మట్టి ఎరువై ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు చేరింది. జనం ఇక భూమి ఇవ్వమంటే, 1928లో బలవంతంగా తీసుకునే చట్టం తెచ్చారు.

యుద్ధకాలంలో జపాన్ సైన్యం వాళ్లను నౌరు, కోస్రే, తరావా దీవులకు తరలించింది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్లు వాళ్లను ఇంటికి చేర్చలేదు. 1945 డిసెంబర్ 15న ఎంతో దూరాన ఫిజీలోని రాబీ దీవిలో దించారు. ఆ దీవిని కొన్నది కూడా వాళ్ల ఫాస్ఫేట్ డబ్బుతోనే.

తవ్విన చోట కొబ్బరి, ఇతర తిండి చెట్లు తిరిగి నాటాలని 1913 ఒప్పందంలో ఉంది. బనాబా జనం లండన్ కోర్టుకెక్కారు. ఆ మాట తప్పారని 1976లో కోర్టు ఒప్పుకుంది గానీ, ఇప్పించిన పరిహారం అతి స్వల్పం. 1979లో తవ్వకం ఆగేసరికి దీవిలో ఎక్కువ భాగం సున్నపురాతి మొనలే మిగిలాయి. ఇప్పుడు అక్కడ కొద్ది వందలమందే ఉంటున్నారు.

చెట్టును మళ్లీ నాటవచ్చు. దాన్ని నిలబెట్టే మట్టిని ఓడల్లో పంపేశాక ఎక్కడ నాటుతారు? ఏ ఒప్పందం మన ముందుకు వచ్చినా మేము మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.