అడుగంటిన పాత్ర

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో మన యిండ్ల ప్రధానాహారము రాగిముద్ద. మరుగుచున్న ఎసట పోసిన పిండిని తెడ్డుతో నెంత కలియబెట్టినను, పాత్ర అడుగున నొక పొర మిగులక తప్పదు. మంట ఒకింత హెచ్చినచో ఆ పొర మాడును. పొరుగింటి కన్నడ గృహిణి ‘తళ హిడియితు’ అనును; మా యింట ‘అడుగంటినది’ అందురు. భాషలు రెండైనను మాడు ఒక్కటే. ఆ మాడును వదలించిన విధములను పరికించినచో మన వంటిండ్ల చరిత్రయే కనబడును.

మట్టికుండలో నీరు పోసి నానబెట్టి, నానిన మాడును పీచుతో తుడిచెడివారు. ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండును, కట్టెపొయ్యి బూడిదయు సాధనములు. చింతపండులోని ఆమ్లము చిలుమును కరగించును; బూడిదలోని క్షారము జిడ్డును విడదీయును; బూడిద రాపిడి మిగిలిన మాడును గీకివేయును. ఈ మర్మమును మన పెద్దలు రసాయనశాస్త్రము చదువకయే యెరిగిరి. కాని లోపల కళాయి పెట్టిన పాత్ర సంగతి వేరు. కళాయి యనగా పలుచని తగరపు పూత. గట్టిగా తోమినచో అది అరిగిపోవును. వట్టి పాత్రను పొయ్యిమీద మరచినచో 232 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. కనుక పూతగల పాత్రను మన్నించి తోమవలెనన్న పాఠము మనకు క్రొత్తది కాదు.

1898లో మద్రాసున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రల తయారీని ఆరంభించెను. తదుపరి ఆయనయే మన మైసూరు సంస్థానమున పరిశ్రమల శాఖాధికారిగా పనిచేసెను. ఈ లోహమునకు క్షారము పడదు. సోడా తగిలిన నల్లబడును, పులుసు తగిలిన తెల్లబడును. ఇట్లు ప్రతి క్రొత్త పాత్రయు తోముటలో నొక క్రొత్త పాఠమును నేర్పినది.

అమెరికాలో 1938 ఏప్రిల్ 6వ తేదీన రాయ్ ప్లంకెట్ అను రసాయనజ్ఞుడు ఒక వాయువు సిలిండరులో, దేనికిని అంటని తెల్లని పొడిని కనుగొనెను. అదియే టెఫ్లాన్. 1954లో ఫ్రాన్సు దేశమున మార్క్ గ్రెగ్వార్, తన భార్య సూచనమీద, దానిని అల్యూమినియము పెనమునకు పూసెను. నాన్‌స్టిక్ పెనము ఇట్లు పుట్టినది.

అది మా యింటికి వచ్చిన క్రొత్తలో ఒకనాడు దోసె మాడెను. మా పెద్దమ్మ ఇనుప పీచు తీసికొని శ్రద్ధగా తోమెను. మాడుతోపాటు పూతయు పోయినది. పిల్లలు నవ్విరి. ఆమె మరల ఆ పెనమును ముట్టలేదు. తప్పు ఆమెది కాదు. కళాయి పాత్రను జీవితమంతయు కాపాడిన చేయి అది. ‘ఇదియు కళాయి వంటిదే’ యని ఒక్క మాట చెప్పినవారు లేకపోయిరి.

ఆ మాట నేడైనను చెప్పుకొందము. మాడిన పెనమును ముందుగా చల్లారనిండు; వేడి పెనముపై చన్నీరు పోసిన అడుగు వంగును. పిదప మాడు మునుగునంత నీరు పోసి, రెండు చెంచాల వంటసోడా కలిపి, సన్నని మంటపై పది నిమిషములు కాగనిండు. చల్లారిన పిమ్మట మెత్తని గుడ్డతో తుడిచిన మాడు ఊడివచ్చును. ఊడనిచో సోడాను ముద్దగా కలిపి అరగంట పట్టించి మరల తుడువుడు. సోడాతో నిమ్మరసము చేర్చవలదు. ఆమ్లము క్షారమును చంపును. బూడిద, ఇసుక, ఇనుప పీచు తగవు. వట్టి పెనమును కాచవలదు. 260 డిగ్రీలు దాటిన పూత చెడనారంభించును. పూతయే లేచిపోయినచో తోముట వ్యర్థము. ఆ పెనమును వంటకు మానుటయే మేలు.

యోచించినచో వంటసోడా మన బూడిదకు సాధువైన చెల్లెలు. పెద్దల క్షారమును నిలుపుకొని రాపిడిని మాత్రము విడిచినాము. మన పిల్లలు బడిలో కన్నడము చదువుదురు, అది న్యాయమే. కాని మాడు, చిలుము, కళాయి, అడుగంటుట, తోముట అను మాటలు వారికి వంటింటనే దొరకవలెను. క్రొత్త పెనమును కడుగునపుడు ఇంటి పెద్దమ్మను ప్రక్కకు పిలిచి, ఆమె యెరిగినది అడిగి, మన మెరిగినది చెప్పినచో, పెనమును నిలుచును, మాటయు నిలుచును.